పాఠకుల ప్రశ్న: అణు ఒప్పందం ముగిసింది, అబ్బాయిని వెనక్కి పిలిపించాలా?

ప్రశ్న: నేను పదవీ విరమణ చేసిన సాంఘికశాస్త్రం ఉపాధ్యాయురాలిని. విశాఖపట్నంలో ఉంటాము. మా అబ్బాయి అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో, ఫోర్ట్ కాలిన్స్‌లో ఎం.ఎస్. చదువుతున్నాడు. అమెరికాకు, రష్యాకు మధ్య మిగిలిన చివరి అణు ఒప్పందం కూడా 2026 ఫిబ్రవరిలో ముగిసిపోయిందని చదివినప్పటి నుంచి నాకు సరిగా నిద్ర పట్టడం లేదు. వాడు ఉండే ఊరికి దగ్గర్లోనే భూమిలో క్షిపణులు దించి ఉంచారని, యుద్ధమే వస్తే మొదటి దెబ్బ అక్కడే పడుతుందని ఒక వీడియోలో చూశాను. మా వారేమో "ఆ ఒప్పందాలన్నీ ఎప్పుడూ కాగితాలే, ఉంటే ఎంత, పోతే ఎంత" అని కొట్టిపారేస్తున్నారు. వాణ్ణి వెనక్కి పిలిపించమంటారా? ఆ కాగితాలు పోవడం వల్ల నిజంగా పోయింది ఏమిటి?

సమాధానం: అమ్మా, మీ మొదటి ప్రశ్నకు ముందే జవాబు చెప్పేస్తాను. ఈ ఒక్క కారణంతో అబ్బాయిని వెనక్కి పిలిపించవద్దు. మీరు వీడియోలో విన్నది అబద్ధం కాదు. కొలరాడోకు ఉత్తరాన వయోమింగ్ రాష్ట్రంలో, షయెన్ పట్టణం పక్కన ఉన్న వైమానిక స్థావరం కింద మినిట్‌మన్-3 అనే ఖండాంతర క్షిపణులు ఉన్నాయి. వాటి గోతులు వయోమింగ్, నెబ్రాస్కా, కొలరాడో పొలాల మధ్య విస్తరించి ఉన్నాయి. అయితే ఆ ప్రాంతంలో అణు క్షిపణులు ఉండటం 1960ల నాటి మాట. ఒప్పందాలు లేని రోజుల్లో ఉన్నాయి, అవి పకడ్బందీగా అమలైన రోజుల్లోనూ ఉన్నాయి, ఇప్పుడూ ఉన్నాయి. ఒప్పందం ముగిసింది ఫిబ్రవరి 5న; ఫిబ్రవరి 4న లేని ముప్పేదీ ఫిబ్రవరి 6న ఆ ఊరికి కొత్తగా వచ్చి పడలేదు. ఇంకొక మాట, నొచ్చుకోకండి: భారతదేశపు అణు జలాంతర్గాములు తయారయ్యేది మీ ఊళ్ళోనే. అరిహంత్‌ను 2009 జులైలో నీటిలోకి దించింది, అరిఘాత్‌ను 2024 ఆగస్టులో నౌకాదళంలో చేర్చుకున్నది విశాఖపట్నంలోనే. ఆ లెక్కన మీ అబ్బాయి కూడా మీ గురించి ఇదే బెంగ పెట్టుకోవచ్చు.

రెండో ప్రశ్న దగ్గర మాత్రం కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే మీ వారి మాట సగం నిజం. ముగిసిపోయిన ఒప్పందం పేరు న్యూ స్టార్ట్. 2010 ఏప్రిల్ 8న ప్రాగ్‌లో ఒబామా, మెద్వెదేవ్ దానిపై సంతకాలు చేశారు. 2011 ఫిబ్రవరి 5న అమల్లోకి వచ్చింది. పదేళ్ళ గడువు తీరబోతుండగా 2021లో ఒకే ఒక్కసారి, అయిదేళ్ళకు పొడిగించారు. రెండో పొడిగింపుకు అందులో వీలే లేదు. ఒక్కో దేశం దూరశ్రేణి వ్యవస్థలపై మోహరించే వార్‌హెడ్లు, అంటే అణుబాంబులు, 1,550కి, వాటిని మోసే క్షిపణులు, బాంబర్ విమానాలు 700కు మించకూడదన్నది దాని సారాంశం. ఈ లెక్కలో చిల్లులు లేకపోలేదు. ఒక బాంబర్ విమానం ఎన్ని అణ్వాయుధాలు మోయగలిగినా దాన్ని ఒక్క వార్‌హెడ్‌గానే లెక్కపెట్టేవారు. గోదాముల్లో దాచినవి లెక్కలోకి రావు, యుద్ధరంగంలో వాడే చిన్న అణ్వాయుధాలు అసలే రావు. స్టాక్‌హోమ్‌లోని శాంతి పరిశోధన సంస్థ సిప్రి అంచనా ప్రకారం 2025 జనవరి నాటికి ప్రపంచంలో మొత్తం 12,241 వార్‌హెడ్లు ఉంటే, అందులో దాదాపు తొంభై శాతం ఈ రెండు దేశాల దగ్గరే ఉన్నాయి. అంకె ఒక్కటే చూస్తే "కాగితమే కదా" అనిపించడం సహజం.

అయితే ఆ కాగితం విలువ అంకెలో లేదు. పల్లెటూళ్ళో గట్టు తగాదా వచ్చినప్పుడు సర్వేయరు ఒక్కడే వచ్చి కొలిచిపోతే తగాదా తీరదు. ఇరుపక్షాల వాళ్ళూ పక్కన నిలబడి, గొలుసు చెరో కొసా పట్టుకుని చూస్తేనే తీరుతుంది. న్యూ స్టార్ట్ చేసిన పని అదే. ఏటా పద్దెనిమిది సార్లు ఒక దేశపు తనిఖీదారులు రెండో దేశపు స్థావరాలకు వెళ్ళే వీలుండేది. 32 గంటల ముందు చెబితే సరిపోయేది. వెళ్ళినవారికి ముందుగా అక్కడి అధికారులు ఏ క్షిపణి మీద ఎన్ని వార్‌హెడ్లు ఉన్నాయో చెప్పేవారు. తనిఖీదారులు తమకు నచ్చిన ఒక క్షిపణిని ఎంచుకునేవారు. దాని ముందుభాగం తెరిచి, లోపలి ఆకారం రహస్యం బయటపడకుండా వార్‌హెడ్లపై ముసుగులు కప్పి, సంఖ్య మాత్రం లెక్కపెట్టుకోనిచ్చేవారు. మీరు భయపడుతున్న ఆ షయెన్ స్థావరం కూడా తనిఖీకి తెరిచిన జాబితాలో ఉన్నదే, అంటే రష్యన్ అధికారులు అక్కడికి వెళ్ళి లెక్క చూసుకునే హక్కు కాగితం మీద రాసి ఉండేది. ఇది కాక ఆర్నెల్లకోసారి పూర్తి వివరాల మార్పిడి, ఏ క్షిపణిని ఎక్కడి నుంచి ఎక్కడికి కదిపినా ఒక సమాచార పత్రం. ఒప్పందం సజావుగా నడిచిన కాలంలో తనిఖీలు 300 దాటాయి, ఇచ్చిపుచ్చుకున్న సమాచార పత్రాలు 25,000 దాటాయి. పరస్పరం క్షిపణులు గురిపెట్టుకుని కూర్చున్న రెండు దేశాలు రోజుకు కొన్ని ఉత్తరాల చొప్పున రాసుకున్నాయంటే, దాన్ని చిత్తుకాగితం అనడానికి నాకు మనసొప్పదు.

దీనికి ముందు ఇంతకన్నా సాహసమైన ఏర్పాటు ఒకటి ఉండేది. 1987 డిసెంబరు 8న రీగన్, గోర్బచేవ్ వాషింగ్టన్‌లో సంతకాలు చేసిన మధ్యశ్రేణి క్షిపణుల ఒప్పందం. 500 నుంచి 5,500 కిలోమీటర్ల దూరం పోయే, భూమి మీద నుంచి ప్రయోగించే క్షిపణులన్నిటినీ, ఒక్కటి కూడా మిగల్చకుండా రద్దు చేస్తామన్నారు, చేశారు కూడా. 1991 నాటికి 2,692 క్షిపణులు నాశనమయ్యాయి. అందులో సోవియట్ యూనియన్‌వి 1,846, అమెరికావి 846. ఇందుకోసం అమెరికన్ తనిఖీదారులు ఉరల్ ప్రాంతంలోని వోత్కిన్స్క్ కర్మాగారం గేటు దగ్గర, సోవియట్ తనిఖీదారులు యూటా రాష్ట్రంలోని మాగ్నాలో ఏళ్ళ తరబడి మకాం పెట్టి, బయటికి వచ్చే ప్రతి పెద్ద పెట్టెనూ గమనించారు. వాషింగ్టన్ విమాన మ్యూజియంలో ఆనాటి అమెరికన్ పెర్షింగ్-2, సోవియట్ ఎస్ఎస్-20 క్షిపణులను ఏళ్ళ తరబడి పక్కపక్కనే నిలబెట్టి ఉంచారు. మీ అబ్బాయి ఎప్పుడైనా అటు వెళితే, ఇంకా ప్రదర్శనలో ఉన్నాయేమో కనుక్కుని చూడమనండి.

చూడటానికి వీలుండటం ఎందుకంత ముఖ్యం? చీకట్లో తాడు పాములా కనబడుతుందని మన పెద్దలు వేదాంతం కోసం చెప్పారు గానీ, అణుయుద్ధ వ్యూహకర్తల పని అచ్చంగా అదే. ఎదుటివాడి దగ్గర ఎంత ఉందో తెలియనప్పుడు సైనికాధికారి తక్కువ అంచనా వేసే సాహసం చేయడు. ఎక్కువే ఉందనుకుని తనవి పెంచుతాడు, అది చూసి అవతలివాడూ పెంచుతాడు. 1995 జనవరి 25న జరిగినదాన్ని గుర్తు చేసుకోండి. నార్వేలోని అండోయా నుంచి శాస్త్రవేత్తలు ఉత్తర ధ్రువకాంతుల అధ్యయనం కోసం ఒక రాకెట్ ప్రయోగించారు. ఆ సంగతి రష్యాకు ముందుగానే తెలియజేశారు, కానీ ఆ సమాచారం రాడార్ దగ్గర కూర్చున్న సిబ్బందికి చేరలేదు. తెర మీద కనిపించింది జలాంతర్గామి నుంచి వచ్చిన క్షిపణిలా ఉంది. అణు సంకేతాలు ఉండే పెట్టె అధ్యక్షుడు యెల్త్సిన్ ముందుకు వచ్చింది. కొద్ది నిమిషాల్లో రాకెట్ దారి రష్యా వైపు కాదని తేలింది కాబట్టి సరిపోయింది. ఇది ప్రచ్ఛన్నయుద్ధం ముగిసి, రెండు దేశాలూ స్నేహంగా ఉన్న రోజుల్లో జరిగిన సంఘటన. ఒక్క కాగితం దారి తప్పినందుకు అంత జరిగితే, కాగితాలే లేని కాలంలో, అందులోనూ యుక్రెయిన్ యుద్ధపు కక్షలు రగులుతున్న కాలంలో, ఇలాంటి పొరపాటును ఎవరు ఎలా అర్థం చేసుకుంటారన్నదే నా భయం. అంకె 1,550 దాటి 1,800 కావడం కన్నా ఇది పెద్ద ప్రమాదమని నా అభిప్రాయం.

ఇదంతా ఒక్క ఫిబ్రవరిలో కూలిపోలేదు. మొదటి ఇటుక ఎక్కడ ఊడిందని అడిగితే నేను 2002 జూన్ 13 అంటాను. 1972 మేలో మాస్కోలో నిక్సన్, బ్రెజ్నెవ్ సంతకాలు చేసిన ఒప్పందాల్లో క్షిపణి నిరోధక వ్యవస్థలకు హద్దు పెట్టినది ఒకటి. డాలు కట్టుకోవడానికి హద్దు ఎందుకని మీ విద్యార్థులు అడిగేవారేమో. ఒకడు గట్టి డాలు కట్టుకుంటే, రెండోవాడు దాన్ని ఛేదించడానికి కత్తులు పెంచుతాడు; డాలుకు హద్దు ఉంటేనే కత్తులకు హద్దు నిలుస్తుంది. ఉత్తర కొరియా, ఇరాన్ వంటి దేశాల నుంచి రక్షణ కావాలంటూ అమెరికా ఆ రోజున ఆ ఒప్పందం నుంచి వైదొలగింది. మరునాడే రష్యా, న్యూ స్టార్ట్‌కన్నా ముందటిదైన రెండో స్టార్ట్ ఒప్పందానికి ఇక కట్టుబడనని ప్రకటించింది. ఒకే క్షిపణి మీద అనేక వార్‌హెడ్లు పెట్టే భూతల క్షిపణులను నిషేధించాల్సిన ఒప్పందం అది. అమల్లోకి రాకుండానే పోయింది. నేడు రష్యా చూపుతున్న కొత్త క్షిపణులు, అణుశక్తితో నడిచే టార్పెడోలు అన్నిటికీ ఆ దేశం చెప్పే సాకు ఆ డాలే. సాకులో అతిశయోక్తి ఎంతైనా ఉండవచ్చు గాని, ఆ సాకును చేతికి అందించింది మాత్రం వాషింగ్టనే.

తరువాతి ఇటుకలు రెండు పక్షాలూ పోటీపడి లాగాయి. నిషేధిత శ్రేణిలో ఒక క్షిపణిని రష్యా తయారు చేసి మోహరించిందని అమెరికా చేసిన ఆరోపణను రష్యా ఒప్పుకోలేదు. 2019 ఆగస్టు 2న మధ్యశ్రేణి ఒప్పందం ముగిసిపోయింది. పరస్పరం గగనతలం మీద నిరాయుధ విమానాలతో ఫోటోలు తీసుకునే ఓపెన్ స్కైస్ ఒప్పందం నుంచి 2020 నవంబరులో అమెరికా, 2021 డిసెంబరులో రష్యా తప్పుకున్నాయి. ఇక న్యూ స్టార్ట్‌కు అసలు దెబ్బ తగిలింది 2026లో కాదు. 2020 మార్చిలో కోవిడ్ వల్ల తనిఖీలు ఆపారు, మళ్ళీ మొదలు పెట్టనేలేదు. 2023 ఫిబ్రవరి 21న పుతిన్ ఒప్పందంలో పాల్గొనడాన్ని నిలిపివేస్తున్నామన్నారు, అమెరికా కూడా సమాచారం ఇవ్వడం మానేసింది. కాబట్టి గొలుసు చేతిలోంచి జారి ఇప్పటికే కొన్నేళ్ళయింది. ఫిబ్రవరి 5న మనం చూసింది మరణ ధ్రువీకరణ పత్రం మాత్రమే. 2025 సెప్టెంబరులో పుతిన్, గడువు తరువాత కూడా ఒక ఏడాది ఆ పరిమితులను స్వచ్ఛందంగా పాటిద్దామని ప్రతిపాదించారు. మంచి ఆలోచనే అనిపిస్తోందని ట్రంప్ అన్నారు. అది లిఖితపూర్వక ఒప్పందంగా మారలేదు. మారినా అందులో తనిఖీల ఊసు లేదు, అంటే అంకె మిగిలేది, చూపు మిగిలేది కాదు.

చైనా సంగతి ఒక పక్కన పెట్టి ఈ విషయం మాట్లాడలేము. కొత్త ఒప్పందమంటూ కుదిరితే బీజింగ్ కూడా బల్ల దగ్గర కూర్చోవాలని అమెరికా అంటోంది. మీ ఇద్దరి దగ్గరా వేలు ఉన్నాయి, మా దగ్గర వందలే, ముందు మీరు దిగి రండి అని చైనా అంటోంది. సిప్రి అంచనాలో 2025 నాటికి చైనా వార్‌హెడ్లు 600. గోదాముల్లో ఉన్నవాటితో కలిపి అమెరికా సైన్యం చేతిలో 3,700, రష్యా సైన్యం చేతిలో 4,300 పైచిలుకు. చైనా వాదన వినడానికి న్యాయంగానే ఉంటుంది, కానీ అదే దేశం 2021లో బయటపడినట్టు తన పశ్చిమ ఎడారుల్లో వందల కొద్దీ క్షిపణి గోతులు తవ్వుకుంటూ, ఎందుకు తవ్వుతున్నదో ఎవరికీ చెప్పనంటోంది. తక్కువ ఉన్నవాడు లెక్క చూపనక్కరలేదన్న సూత్రం, తక్కువ ఉన్నంత కాలమే చెల్లుతుంది.

ఇప్పుడు మీ అబ్బాయి విషయానికి సంబంధించి ఒక ఊరట. అణ్వాయుధాల ప్రపంచంలో పెంపకం రాత్రికి రాత్రి జరిగేది కాదు. మినిట్‌మన్ క్షిపణులు సుమారు 400 మోహరించి ఉన్నాయి, ఒక్కో దాని మీద ఒక్క వార్‌హెడ్డే ఉంది; మూడు దాకా పెట్టవచ్చు. ఒహాయో తరగతి జలాంతర్గాములు పద్నాలుగింటిలో, ఒక్కో దానికి నాలుగేసి క్షిపణి గొట్టాలను న్యూ స్టార్ట్ కోసం మూసేశారు. వాటిని మళ్ళీ తెరవవచ్చు. ఈ పనులకు నెలలు పడతాయి, కొన్నిటికి ఏళ్ళు పడతాయి, డబ్బు పడుతుంది, చట్టసభలో చర్చ జరుగుతుంది. అవి వార్తల్లో మీకు ముందే కనిపిస్తాయి.

అన్నీ పోలేదు కూడా. ఖండాంతర క్షిపణి ప్రయోగాలకు ముందుగా సమాచారం ఇచ్చుకోవాలన్న 1988 మే నాటి అమెరికా-సోవియట్ ఒప్పందం న్యూ స్టార్ట్‌తో ముడిపడినది కాదు. క్యూబా సంక్షోభం తరువాత 1963లో వేసిన హాట్‌లైన్ ఉంది. మన ఉపఖండంలో ఇంకా ఆశ్చర్యకరమైనది ఒకటి ఉంది: 1988 డిసెంబరు 31న భారత్, పాకిస్తాన్ తమ అణు కేంద్రాలపై పరస్పరం దాడి చేసుకోరాదని ఒప్పుకున్నాయి. దాని ప్రకారం 1992 నుంచి ప్రతి జనవరి 1న రెండు దేశాలూ తమ అణు కేంద్రాల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటున్నాయి. కార్గిల్ యుద్ధం ఆ ఆనవాయితీని ఆపలేదు, ముంబయి దాడి ఆపలేదు. బాలిస్టిక్ క్షిపణి పరీక్షలకు ముందుగా తెలియజేసుకోవాలన్న ఒప్పందం 2005లో కుదిరింది. అందులోని వెలితి కూడా తెలిసింది: 2022 మార్చి 9న మన క్షిపణి ఒకటి పొరపాటున దూసుకెళ్ళి పాకిస్తాన్‌లోని మియాన్ చన్నూ దగ్గర పడింది. అది క్రూయిజ్ క్షిపణి, పైగా పరీక్ష కాదు, ప్రమాదం. అలాంటిదానికి వెంటనే కబురు పెట్టాలని ఆ కాగితంలో ఎక్కడా లేదు. ఒప్పందాలు ఎందుకని అడిగే మీ వారికి నేనైతే ఈ ఉదాహరణే చెబుతాను, ఎందుకంటే ఇది మనకు దగ్గరిది.

ఇక వార్తలు చదివేటప్పుడు ఒక జాగ్రత్త. "అణు పరీక్ష" అన్న మాట వినగానే ఉలిక్కిపడకండి, ఏ పరీక్షో చూడండి. క్షిపణిని ఎగరేసి చూడటం ఒకటి, బాంబును నిజంగా పేల్చి చూడటం మరొకటి. మొదటిది ఏటా జరిగేదే. రెండోది అమెరికా చివరిసారి 1992 సెప్టెంబరులో, సోవియట్ యూనియన్ 1990 అక్టోబరులో, చైనా 1996 జులైలో చేశాయి. 2025 అక్టోబరు 30న ట్రంప్ ఇతర దేశాలతో సమానంగా పరీక్షలు మొదలుపెట్టమని ఆదేశించానన్నప్పుడు ప్రపంచమంతా రెండో అర్థమే తీసుకుంది. కొద్ది రోజులకే ఆయన ఇంధన శాఖ మంత్రి, అణు విస్ఫోటనం లేని పరీక్షలనే ఉద్దేశమని వివరణ ఇచ్చారు. ఆ వివరణ నిలబడకపోతే, అంటే నెవడాలో గానీ, రష్యాలోని నొవాయా జెమ్ల్యా దీవుల్లో గానీ, చైనాలోని లోప్ నూర్‌లో గానీ భూగర్భంలో నిజమైన విస్ఫోటనం జరిగితే, ఆ రోజు మీ ఆందోళనకు అర్థం ఉంటుంది. సమగ్ర పరీక్షల నిషేధ ఒప్పందం 1996 నుంచి సంతకాలకు తెరిచి ఉన్నా ఇంతవరకు అమల్లోకి రాలేదు. అమెరికా సెనేట్ 1999లో తిరస్కరించింది, రష్యా 2023 నవంబరులో తన ఆమోదాన్ని వెనక్కి తీసుకుంది, మన దేశం సంతకమే పెట్టలేదు. చట్టబలం లేని ఆ నిషేధం ఆ మూడు పెద్ద దేశాల మధ్య కేవలం ఒకరిని చూసి ఒకరు మొహమాటపడటం వల్ల ఇన్నాళ్ళూ నిలిచింది.

మీరు బడిలో అణు వ్యాప్తి నిరోధక ఒప్పందం పాఠం చెప్పే ఉంటారు కనుక ఒక్క మాట. 1968లో ఆయుధాలు లేని దేశాలను "మీరు తయారు చేయకండి" అని ఒప్పించినప్పుడు, బదులుగా ఆయుధాలు ఉన్నవాళ్ళు తగ్గించుకునే దిశగా చిత్తశుద్ధితో చర్చిస్తామని ఆరో అధికరణంలో రాసిచ్చారు. ఆ ఒప్పందం వివక్షతో కూడినదని భారతదేశం మొదటి నుంచీ చెబుతూ వచ్చింది. ఆ మాటతో ఎవరు ఏకీభవించినా లేకున్నా, ఆరో అధికరణానికి ఇన్నేళ్ళూ సాక్ష్యంగా చూపడానికి మాస్కో, వాషింగ్టన్‌ల దగ్గర ఏదో ఒక ఒప్పందం ఉండేది. ఇప్పుడు చూపడానికి ఏదీ లేదు. ఆయుధం చేసుకోగల శక్తి ఉండి కూడా ఆగిన దేశాలు దీన్ని గమనిస్తూనే ఉంటాయి.

ఈసారి అబ్బాయి ఫోన్ చేసినప్పుడు క్షిపణి గోతుల సంగతి మీరుగా ఎత్తవద్దు. వాడు ఎత్తితే, వాటి దగ్గరకు రష్యన్లు వచ్చి లెక్కపెట్టుకునే హక్కు ఒకప్పుడు ఉండేదన్న సంగతి చెప్పండి, వాడికి తెలిసి ఉండకపోవచ్చు. రాత్రి పడుకునే ముందు ఆ వీడియోలు చూడటం మానేయండి. టికెట్ మాత్రం వాడి పరీక్షల తేదీలు, వీసా నిబంధనలు చూసుకుని, సెలవులకు వచ్చి వెళ్ళేలా రానూపోనూ తీయండి.